గొంతులో సొంత ఊరు, ఒంటిమీద పరాయి ఊరు

హిప్‌హాప్ సంగీతపు పుట్టినరోజుగా ప్రపంచమంతటా గుర్తు చేసుకునే 1973 ఆగస్టు 11 నాటి రాత్రికి మూలం, బడికి వేసుకుపోవలసిన కొత్త బట్టలు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో ఉండే సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడులు తెరిచేలోగా బట్టలకు నాలుగు డబ్బులు కూడబెట్టుకోవాలని, ఆ భవనంలోని ఉమ్మడి హాలులో పాటల సంబరం ఏర్పాటు చేసింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసే పని నెత్తికెత్తుకున్న ఆమె అన్న క్లైవ్, తరువాత డీజే కూల్ హెర్క్ అన్న పేరుతో చరిత్రకెక్కాడు. దసరాకు వచ్చే ఒక్క జత కొత్త బట్టల కోసం ఏడాదంతా ఎదురుచూసే ఇళ్లలో పెరిగిన పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఈ కథను విడమరిచి చెప్పనక్కరలేదు. పాటకూ బట్టకూ పొత్తు ఎక్కడ కుదురుతుందో వాళ్లకు ముందే తెలుసు.

నగర వీధుల్లో పుట్టిన సంగీతంలో పాట, వేషం రెండూ కలిసి ఒకే మాట చెబుతాయి: ఫలానా మనిషి ఫలానా చోటివాడు. బ్రాంక్స్, క్వీన్స్, కాంప్టన్ వంటి అమెరికా పేటల పేర్లను, దరువు మీద మాటలు పేర్చి పలికే ర్యాప్ పాటలు పదేపదే పలకడం, ఆయా నగరాల జట్ల టోపీలు, జెర్సీలు పాటగాళ్ల ఒంటిమీద కనిపించడం ఇందుకే. దక్షిణ తెలంగాణలో ఈ సంస్కృతి మీద మనసు పడిన యువకులను గమనిస్తే మాత్రం ఒక విచిత్రమైన చీలిక కనిపిస్తుంది. వాళ్లు మోగించే, చిందేసే పాటలో సొంత ఊరు నిండుగా ఉంటుంది. వేసుకునే బట్ట మీద ఎవరిదో ఊరు రాసి ఉంటుంది. చుట్టూ గద్వాల, నారాయణపేట, పుట్టపాక, పోచంపల్లి వంటి నేత ఊళ్లు పెట్టుకుని ఈ చీలిక ఎలా వచ్చిందన్నది కాస్త ఆగి ఆలోచించదగిన ప్రశ్న.

ముందుగా పాట సంగతి. వినాయక నిమజ్జనానికో, పెళ్లి బరాత్‌కో డీసీఎం వ్యాను మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలను పేర్చి, వెనుక జనరేటరు కట్టి, రంగు లైట్లు తిప్పుతూ నత్తనడకన కదిలే డీజే బండి నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ చిన్న ఊరికీ కొత్త కాదు. దీన్ని లొల్లి కింద తీసిపారేసేవారు అందులోని పనితనాన్ని చూడలేదనే చెప్పాలి. బ్రాంక్స్ సంబరాల్లో హెర్క్ కనిపెట్టిన కిటుకు ఏమిటంటే, పాటలో గాయకుడు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాలకే జనం ఎక్కువగా ఊగుతున్నారని గమనించడం, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రాల మీద పెట్టి ఆ కొద్ది క్షణాలనే తిప్పి తిప్పి వినిపించడం. పాలమూరు డీజే చేసేదీ అదే. జానపదంలో ఊపున్న ఒక ముక్కను కోసి, దాని కింద తీన్‌మార్ దరువు పరిచి, కాళ్లు అలిసేదాకా అదే ముక్కను మళ్లీ మళ్లీ తెస్తాడు. హెర్క్ 1967లో జమైకా నుంచి న్యూయార్క్ చేరినవాడు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1950ల నుంచే స్పీకర్ల గుట్టలు పేర్చి వీధిలో ఆటాపాటా నడిపే 'సౌండ్ సిస్టమ్'ల ఆనవాయితీ ఉంది. ఎవరి డబ్బాలు ఎక్కువ, ఎవరి బేస్ గుండెల్లో దిగుతుంది అన్న పంతం కింగ్‌స్టన్‌లో ఎంత ఉండేదో నల్లగొండ నిమజ్జనంలో ఇప్పుడు అంతే ఉంది. ఒకరిని చూసి ఒకరు నేర్చిన విద్య కాదిది. హాలుకు కిరాయి కట్టలేని జనం రెండు చోట్లా వీధినే హాలు చేసుకున్నారు.

ఈ రీమిక్స్‌లలో అభిమాని చెవి పెట్టి వినేది ఇంకొకటి ఉంది. పాట మొదట్లో, మళ్లీ నడుమ నడుమ, ఒక బరువైన గొంతు డీజే పేరు పలుకుతుంది. ఆ పేరు వెంటే ఊరి పేరు వస్తుంది. పాటను ఇంకొకరు తమదని చెప్పుకోకుండా వేసే ముద్రగా అది పనికివస్తుంది, నిజమే. అయితే ఆ ఊరి పేరు జిల్లా పేరు కాదు, పట్టణం పేరు కూడా కాదు. బస్సు బోర్డు మీద కూడా చోటు దక్కని ఊరు, పన్నెండు డబ్బాల్లోంచి పక్క మండలం దాకా వినబడుతుంది. క్వీన్స్ కుర్రవాడు తన పేట పేరును మైకులో అరిచినప్పుడు చేసిన పని సరిగ్గా ఇదే, అది ఇక్కడ ఎవరూ నేర్పకుండానే జరిగింది.

ఆ దరువు పుట్టుకను చూసినా, దీన్ని 'పల్లెపాట' అన్న ఒక్క మాటలో పెట్టేయడం కుదరదు. తీన్‌మార్ అంటే మూడు దెబ్బలు. నిజాముల కొలువులో సిపాయిలుగా పనిచేసిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వెంట హైదరాబాద్ చేరిన మర్ఫా వాద్యం, నగరపు పెళ్లి ఊరేగింపుల్లో స్థిరపడి, పల్లె డప్పుతో కలిసిపోయి, పీర్ల పండుగలో, బోనాల్లో, బరాత్‌లో అందరిదీ అయిపోయింది. అంటే సముద్రం దాటి వచ్చిన దరువును ఈ నేల ఒకసారి ఇప్పటికే సొంతం చేసుకుంది. ర్యాప్ దరువు వచ్చి దానితో కలవడం అదే దారిలో మరో మజిలీ.

డప్పు మాత్రం ఈ ప్రయాణంలో నష్టపోయింది. వేప వంటి చెక్కతో చేసిన వలయానికి తోలు బిగించి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టుకుని వాయించే ఆ వాద్యానికి మంట కావాలి. మబ్బు పట్టిన రోజున తోలు వదులై దెబ్బ మొద్దుబారితే, గడ్డి అంటించి, సెగకు డప్పును తిప్పుతూ కాచి, వేలితో మీటి చూసి, ఖంగుమన్నాకే భుజానికి వేసుకుంటారు. రీమిక్స్‌లో వినిపించే డప్పు అలా కాచి మోగించినదే, ఎప్పుడో ఎక్కడో రికార్డు చేసినది. ఇప్పుడు దానికి మంట అక్కరలేదు, మనిషీ అక్కరలేదు. ఒక్క పెన్‌డ్రైవ్‌తో పది మంది డప్పు కళాకారుల పని జరిగిపోతుంది. డీజేను ఇష్టపడే అభిమాని కూడా ఈ లెక్కను దాటవేయకూడదు. హోరు విషయంలో చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగకూడదు. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. అది నగర కమిషనరేటు హద్దులకు చెందిన ఉత్తర్వు.

ఇక మాట. తెలుగు ర్యాప్ చాలాకాలం పాఠం అప్పజెప్పినట్లు వినిపించడానికి కారణం భాష స్వభావంలోనే ఉంది. తెలుగు అజంత భాష. పదం చివర అచ్చు ఉండి, స్వరం సాగుతూ పోతుంది. ఇంగ్లిషులోనూ హిందీలోనూ పాదం చివర హల్లు టక్కున ఆగి, డ్రమ్ము దెబ్బతో కలిసి తెగుతుంది. శిష్ట తెలుగులో "ఎక్కడికి పోతున్నావు" అని రాస్తే ఆ దెబ్బ మీద పడవలసిన మాట కాస్తా జారిపోతుంది. అదే మాటను నల్లగొండలో "యాడికి పోతున్నవ్" అంటారు, వాక్యం హల్లు మీద ఆగుతుంది. దీనికి దక్కనీ ఉర్దూ నుంచి తెలంగాణ మాటల్లో కలిసిపోయిన మస్త్, దోస్త్, ఖతం, బరాబర్, పరేషాన్ వంటివి తోడైతే, ర్యాప్‌కు కావలసిన ముగింపులన్నీ ఇంటి భాషలోనే దొరుకుతాయి. ఇంగ్లిషు మాటలు అరువు తెచ్చుకోవలసిన అవసరం సగం తగ్గుతుంది. సినిమాల్లో చాలాకాలం హాస్యానికీ ప్రతినాయకుడికీ మాత్రమే కేటాయించిన యాసే ఈ కొత్త పాటకు అసలైన బలం అయింది. రోల్ రైడా వంటి హైదరాబాద్ ర్యాపర్లు దీన్ని పసిగట్టి వాడుకున్నారు, వారిని విని జిల్లాల కుర్రవాళ్లు ఇంకా చిక్కని యాసలో రాస్తున్నారు.

లయలో మరో చిక్కు ఉంది. ర్యాప్ నడక చతురశ్రం, నాలుగు దెబ్బల లెక్క. తీన్‌మార్ ఊపు మూడింటి మీద తూగుతుంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే కాళ్లు తడబడతాయి. అనుభవమున్న డీజేలు ర్యాప్ భాగాన్ని నాలుగులో నడిపించి, దరువు మార్చే చోట ఒక్క క్షణం అంతా ఆపేసి, ఖాళీలో ఒక ఈల వేసి, తీన్‌మార్‌లోకి దిగుతారు. ఆ ఖాళీ క్షణంలో గుంపు వేసే కేకను బట్టే డీజే గొప్పవాడో కాదో తేలిపోతుంది.

మాటకు మాట అందించే పద్ధతి మాత్రం ఇక్కడ అరువు కాదు. ర్యాపర్ పక్కన నిలబడి పాదం చివరి మాటను అందుకుని అరిచే మనిషిని హిప్‌హాప్‌లో హైప్ మ్యాన్ అంటారు. ఒగ్గుకథలో, గొల్లసుద్దుల్లో ఆ పని చేసే వంతపాటగాడు తరతరాలుగా ఉన్నాడు. కథకుడు మాటగా మొదలుపెట్టి, వేగం పెంచి, ప్రాస మీద ప్రాస పేర్చి, చివరకు పాటలోకి ఎత్తుకోవడం, నడుమ వంతగాడు "ఆహా" అంటూ ఊపు నిలపడం వింటే, ఈ ప్రాంతపు అభిమానికి ర్యాప్ ఎందుకంత త్వరగా ఒంటబట్టిందో తెలుస్తుంది. దొరల సొమ్ము దోచి పేదలకు పంచాడని పాలమూరు పాడుకునే పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద వినిపించిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. చట్టానికి ఎదురు నిలిచినవాణ్ని నాయకుణ్ని చేసి పాడే ర్యాప్ కథలు ఈ నేలమీద ఎవరినీ ఆశ్చర్యపరచవు.

ఆ పాత పాటగాళ్లకు వేషం పాటలో భాగంగానే ఉండేది. నల్లగొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు, సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల రూపాన్ని ప్రజల పాటకు మలిచినప్పుడు, భుజం మీద గొంగడి, చేతిలో కర్ర కూడా ఆ రూపంతో పాటే వేదిక ఎక్కాయి. గద్దర్ గొంగడి, గోచీ, కాలి గజ్జెలు లేకుండా ఆయన పాటను ఊహించుకోవడం కష్టం. 2002లో మొదలైన తెలంగాణ ఉద్యమపు ధూంధాం పాటల సభలు ఆ వేషాన్ని జిల్లా జిల్లాకు తీసుకుపోయాయి. గొంగడి గొర్రెలకాపరి ఒంటిమీద చలికీ వానకూ కప్పుకునే గుడ్డ. దాన్ని వేదిక మీద కప్పుకోవడం అంటే తన పుట్టుకనూ తన పక్షాన్నీ నోరు తెరవకముందే చెప్పడం. రన్ డీఎంసీ అనే ర్యాప్ బృందం చేసినదీ ఇంతకు భిన్నం కాదు. క్వీన్స్‌లోని హోలిస్ పేటకు చెందిన ఆ ముగ్గురూ మెరుపుల వేదిక దుస్తులు వదిలేసి, తమ వీధిలో కుర్రవాళ్లు వేసుకునే తోలు జాకెట్లు, టోపీలు, లేసులు లేని అడిడాస్ బూట్లతోనే పాడారు. 1986లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో వాళ్లు అడిగితే ప్రేక్షకులు వేలాదిగా తమ బూట్లను పైకెత్తి చూపారు. ఆ దృశ్యం చూసిన తరువాతే బూట్ల కంపెనీ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకుంది.

ఇప్పటి సంగతి వేరు. నల్లగొండ ప్రకాశం బజారులోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కలనో ఒక సాయంత్రం నడిస్తే, భుజాలు జారిన ఓవర్‌సైజ్ టీషర్టులు, బ్యాగీ జీన్స్, షికాగో బుల్స్ ఎర్రెద్దు బొమ్మలు, 'ఎన్‌వై' అని పెనవేసుకున్న అక్షరాల టోపీలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఆ అక్షరాలు న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టువి. 1996లో సినిమా దర్శకుడు స్పైక్ లీ, ముదురు నీలంలో మాత్రమే దొరికే ఆ టోపీని తనకు ఎరుపులో చేసిపెట్టమని అడిగి, అది పెట్టుకుని టీవీలో కనిపించాక, ఆ గుర్తు ఆట నుంచి విడివడి ఫ్యాషన్‌లోకి నడిచింది. అలా నడిచి నడిచి, బేస్‌బాల్ ఒక్క ఆట కూడా చూడని మిర్యాలగూడ కుర్రవాడి తలమీదికి చేరింది. దీన్ని వెక్కిరించడం తేలిక, కానీ పొరపాటు. ఆ టోపీ అతనికి న్యూయార్క్ కాదు. తాను వినే సంగీతం ఏదో, తన జట్టు ఎవరో తెలిసినవాళ్లకు తెలిసేలా చెప్పే గుర్తు. అంతవరకు అది తన పని సరిగానే చేస్తుంది.

ఈ బట్టలు ఇంటర్నెట్‌తోనే వచ్చాయని అనుకోవడమూ సగమే నిజం. 2016 సెప్టెంబరులో జియో చవక డేటా, ఆపై టిక్‌టాక్, 2020 జూన్ చివర దాన్ని నిషేధించాక ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వేగం పెంచిన మాట వాస్తవం. అంతకు చాలా ముందే పాలమూరు నుంచి బొంబాయికి బతకపోయిన కూలీ కుటుంబాలు పండుగకు తిరిగి వచ్చేటప్పుడు ఆ నగరపు ఫుట్‌పాత్ బట్టలు తెచ్చేవి. బొంబాయితో ఈ ప్రాంతపు బంధం పాతది. అక్కడి కామాటిపుర పేరే హైదరాబాద్ సంస్థానం నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్ల వచ్చింది. 2015 ప్రాంతంలో ఆ నగరపు గల్లీల నుంచి డివైన్, నేజీ వంటివారు హిందీ ర్యాప్‌ను లేపినప్పుడు, అక్కడి అడ్డాల మీద పనిచేసే పాలమూరు యువకులకు అది దూరపు సంగీతం కాలేదు.

కొన్నది కొన్నట్లు వేసుకోకపోవడం ఈ అభిమానుల అసలు నేర్పు. ఆల్టరేషన్ టైలరు దగ్గర పది నిమిషాలు నిలబడితే అది తెలుస్తుంది. 36 నడుము జీన్స్ తెచ్చిన కుర్రవాడికి నడుము 30. కాళ్ల వెడల్పు అలాగే ఉండాలి, నడుము మాత్రం సరిపోవాలి. టైలరు వెనుక పట్టీ విప్పి, నడిమి కుట్టులో కావలసినంత లోపలికి తీసి, పట్టీ మిగులు కత్తిరించి మళ్లీ ఎక్కించి, కంపెనీ కుట్టుతో కలిసిపోయేలా అదే పసుపు దారం వేస్తాడు. కింద పొడవు తగ్గించేటప్పుడు కుర్రవాడు మరో మాట చెబుతాడు: "అంచు అట్లనే ఉండాలె అన్నా." అంటే మామూలుగా మడిచి కుట్టకూడదు. వెలిసిన అసలు అంచును విడిగా కోసి, గుడ్డ తగ్గించాక ఆ అంచునే తెచ్చి అతకాలి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌ పేటలో 1982 నుంచి 1992 వరకు దుకాణం నడిపిన డాపర్ డ్యాన్ కూడా ఇటువంటి దర్జీయే. నల్లవాళ్లను లోపలికి రానివ్వడానికే మొహమాటపడే ఖరీదైన కంపెనీల గుర్తులను తానే తోలు మీద అచ్చువేసి, ర్యాపర్ల కొలతలకు కోట్లు కుట్టాడు. కంపెనీలు కేసులు వేసి ఆ దుకాణాన్ని మూయించాయి. 2017లో గూచీ కంపెనీయే అతని పాత కోటు నమూనాను పోలిన కోటు తెచ్చి విమర్శల పాలై, చివరకు అతనితో చేయి కలిపింది. దక్షిణ తెలంగాణ దర్జీల్లో అటువంటి చేతులున్నవారు లేరని అనుకోవడానికి ఆధారం లేదు. ఆ చేతికి దొరికే గుడ్డ ఏదన్నదే ప్రశ్న.

ఆ గుడ్డ యాభై, వంద కిలోమీటర్ల లోపే నేస్తున్నారు. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద, నూనె కలిపి నూలును పలుమార్లు నానబెట్టి, ముళ్లు కట్టి, ఎరుపు, నలుపు రంగుల్లో ముంచుతారు. నూనె పట్టిన ఆ గుడ్డ తలను చల్లగా ఉంచుతుందని అరబ్ దేశాలకు తలగుడ్డగా ఎగుమతి అయ్యేది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ర్యాపర్లు తలకు కట్టుకునే 'బండానా' అనే రుమాలు పేరు కూడా కట్టడం అనే అర్థమున్న హిందీ మాట నుంచే వచ్చింది. 18వ శతాబ్దంలో ఈ దేశం నుంచి ఓడల్లో ఐరోపాకు పోయిన, ముడివేసి రంగు అద్దిన రుమాళ్ల వారసత్వం అది. అవి బెంగాల్ వైపువి, పుట్టపాకవి కావు. అయినా, ముడివేసి రంగు పట్టనివ్వని విద్య ఒకటే. వీధి పాటగాడి తలమీద అమెరికాదిగా కనిపించే గుడ్డకు ఇక్కడ దగ్గరి చుట్టమే నేత మగ్గం మీద ఉంది. ఆ చుట్టరికం నల్లగొండలోని టోపీల దుకాణానికి ఇంకా తెలియదు.

ఎందుకు తెలియదన్నదానికి ధర ఒక కారణం, అంతా అదే కాదు. మూడు వందల టీషర్టు పక్కన చేనేత చొక్కా గుడ్డ ఖరీదే, అందులో శ్రమ అటువంటిది. పోచంపల్లి తరహా చీరకు నూలును ఆసు పోయాలంటే అర్ధచంద్రాకారంలో ఉన్న చీలల చుట్టూ చేతిని సుమారు 9,000 సార్లు తిప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆ పనికి యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ధరకన్నా పెద్ద అడ్డు ఆ గుడ్డకు అంటుకున్న పరువు. పోచంపల్లి తరహా నేత అయిన ఇక్కత్ చొక్కా అంటే నాయకుడు, ఆఫీసరు, సభలో సన్మానం. గద్వాల చీర అంటే పెళ్లి. పెద్దల పెట్టెలో ఇస్త్రీ మడతతో ఉన్న ఆ గుడ్డ వీధిలో చెమటతో చిందేసే ఒంటికి చెందదన్న అభిప్రాయం అమ్మేవారిలోనూ ఉంది, కొనేవారిలోనూ ఉంది. కత్తిరింపు మరో చిక్కు. భుజం జారిన పెద్ద చొక్కాకు గుడ్డ ఎక్కువ పడుతుంది. పైగా ఇక్కత్ నమూనా రెండు ముక్కలు కలిసే చోట సరిపోవాలంటే ఇంకా వృథా అవుతుంది. ఆల్టరేషన్ టైలరు ఆ లెక్క చెప్పగానే కుర్రవాడు వెనక్కి తగ్గుతాడు.

ఇందులో ఇంకో వింత ఉంది. వీధిలో నకిలీ బూట్లను 'ఫస్ట్ కాపీ' అంటారు. అభిమాని వాటిని చేతిలోకి తీసుకుని నాలుక కింద అచ్చు, మడమ కుట్టు, అట్టల గమ్ వాసన చూసి అది ఏ దర్జా కాపీయో క్షణంలో చెప్పగలడు. అదే దుకాణం పక్కన ఇక్కత్ పేరుతో అచ్చువేసిన గుడ్డ అమ్ముతుంటే దాన్ని పట్టుకోలేడు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినా ఈ అచ్చు గుడ్డ ఆగలేదు. నిజానికి పరీక్ష బూట్ల కన్నా సులువు. గుడ్డను తిప్పి చూస్తే చాలు. నూలుకే రంగు పట్టించి నేసినది గనుక అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. అచ్చు గుడ్డ వెనుక వైపు వెలవెలబోతుంది, అంచులు గీత గీసినట్లుంటాయి. అంత నిశితమైన కన్ను ఉండి, చూపు ఒకే దిక్కుకు అలవాటు పడిందన్నమాట.

చెప్పుల దగ్గరికి వస్తే ఈ చీలిక వెనుక ఇంకా లోతైన కారణం బయటపడుతుంది. డప్పుకు తోలు బిగించిన చేతులూ, ఊరికి చెప్పులు కుట్టిన చేతులూ ఒక్కటే. ఆ చేతులను ఊరు దూరం పెట్టింది. అందువల్ల దేశవాళీ తోలుచెప్పు సొగసు వస్తువు కాలేదు, డప్పు చాలాకాలం గౌరవ వాద్యం కాలేదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును ఎత్తిపట్టి సగర్వంగా మోగించాక దాని తీరు మారింది. ఇప్పుడు పెళ్లిపత్రికల వీడియోల్లో కూడా డప్పు దరువే వినిపిస్తుంది. బ్రాంక్స్‌లో ఊరు వెలివేసినట్లు చూసిన పేటల సంగీతం ఆ నగరపు గుర్తుగా మారిన కథకు ఇది దగ్గరగా ఉంటుంది. చెప్పుకు మాత్రం ఆ దశ ఇంకా రాలేదు, ఒక్క చోట తప్ప.

మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి జాతరలో, దీపావళి తరువాత ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. ఉద్దాలు అంటే స్వామి పాదుకలు. చిన్నవడ్డెమాన్ ఊరి దళిత కుటుంబాలు నియమనిష్ఠలతో తోలు కోసి, కుట్టి, ఆ జతను సిద్ధం చేస్తాయి. వాటిని ఊరేగింపుగా కొండకు తెస్తారు. దారి పొడవునా డప్పులుంటాయి, ఇప్పుడు డీజేలూ తోడయ్యాయి. ఆ రోజు ఎన్‌వై టోపీ, బ్యాగీ జీన్స్‌తో గంటల తరబడి దరువుకు ఎగిరిన కుర్రవాళ్లు, మెట్ల దగ్గర తమ ఫస్ట్ కాపీ బూట్లు విడిచి, లేసులు ఒకదానికొకటి ముడివేసి ఒక మూల పెట్టి, టోపీ తీసి, క్యూలో నిలబడి, చిన్నవడ్డెమాన్ చేతులు కుట్టిన ఆ తోలు జతను నెత్తికి తాకించుకుంటారు.